చెరిగిపోయిన 11 సెకన్లు

మొత్తం 43 క్యాసెట్లు. అందులో 33 అరవై నిమిషాలవి, మిగతా 10 తొంభైవి. కూడితే 48 గంటలు. పాత ఫోటోలైతే స్కానర్ మీద పెట్టి ఒక్క మధ్యాహ్నంలో వంద లాగించేయొచ్చు. క్యాసెట్‌కి ఆ అడ్డదారి లేదు. గంట మాటలు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే గంటసేపు అది తిరగాల్సిందే, పక్కన మనం ఉండాల్సిందే. టేపు చిక్కుకుందా, గొంతు ఉన్నట్టుండి మసకబారిందా అని చెవి అటే వేసి ఉంచాలి. రెండు నెలల్లో అయిపోతుందనుకున్న పని తొమ్మిది నెలలు పట్టింది.

అవన్నీ నాన్న రికార్డు చేసినవి. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి అందరం కూర్చున్నాక బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టి రికార్డు మీట నొక్కేవారు. దూరంగా ఉన్న తాతయ్యకి మా గొంతులు పంపడం కోసం మొదలైంది. తాతయ్య పోయాక కూడా ఆపలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు. 1984 నుంచి 1996 దాకా, మూడు నాలుగు నెలలకి ఒకటి చొప్పున. ప్రతి లేబుల్ మీదా తేదీ, ఆ రోజు చదివిన అధ్యాయం, పాట ఎవరు పాడారన్నది నీలి సిరాతో రాసి ఉంటుంది.

నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ మా దగ్గరే ఉంటోంది. మతిమరుపు జబ్బు. నన్ను ఒక్కోసారి అక్క పేరుతో పిలుస్తుంది, ఒక్కోసారి ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో. నాన్న గొంతు వినిపిస్తే ఏమైనా కదులుతుందేమోనని ఈ పని మొదలుపెట్టానని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఆ టేపులు అమ్మకంటే ముందు నాకు కావాలి.

నాకు యాభై దాటింది. నలభై దాటినవాళ్లని జీవితంలో గుర్తున్నవి చెప్పమంటే, పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనించారు. నాకు అంత కూడా అక్కర్లేదు, పది నుంచి పదహారు దాకా చాలు. రాత్రి అందరూ పడుకున్నాక ఆ ఆరేళ్లలో తిరగడం అలవాటైపోయింది. పాత ఫోటోలు, పాత ఉత్తరాలు, పాత పాటలు. పొద్దున్నే లేచి ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం. ఒకరోజు మా అమ్మాయి చాలా మామూలుగా అంది: "అమ్మమ్మ మర్చిపోయి ఎక్కడికో వెళ్లిపోతుంది, నువ్వు గుర్తుపెట్టుకుని వెళ్లిపోతావు. ఇద్దరూ ఇంట్లో ఉండరు." నాకు కోపం వచ్చింది. నిజం విన్నప్పుడు వచ్చే కోపం.

ఇంగ్లీషులో దీన్ని నోస్టాల్జియా అంటారు. ఆ మాటని పుట్టించింది కవులు కాదు, ఒక వైద్య విద్యార్థి. 1688లో స్విట్జర్లాండ్‌కి చెందిన యోహానెస్ హోఫర్ అనే అతను తన సిద్ధాంత వ్యాసంలో, ఇంటికి దూరమైనవాళ్లకి వచ్చే ఒక జబ్బుకి ఈ పేరు పెట్టాడు. గ్రీకులో ఇంటికి తిరిగి రావడం అన్న మాటకి నొప్పి అన్న మాట కలిపి అతికించాడు. అది చదివి నవ్వొచ్చింది. ఇందులో కొత్తేముంది? బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడని మన పెద్దవాళ్లు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు కదా. నాది అచ్చంగా అదే, బెంగ. కాకపోతే ఊరి మీద బెంగైతే బస్సెక్కి పోవచ్చు. కాలం మీద బెంగకి బస్సు లేదు.

అంతకంటే ఇబ్బందైన సంగతి ఒకటుంది. ఆదివారం ఆరాధనకి మానకుండా వెళ్తున్నాను. పాట ఎత్తుకోగానే, చిన్నప్పుడు దీన్నే ఎంత భక్తితో పాడేవాళ్లం అనుకుంటాను. ప్రసంగం మొదలవగానే మనసు 1986కి పోతుంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే ఎదురుగా దేవుడు కాదు, ప్రార్థన చేస్తున్న చిన్నప్పటి నేనే కనబడతాను. చాలా ఏళ్లుగా నేను ప్రేమిస్తున్నది దేవుణ్ణి నమ్మిన ఆ పదకొండేళ్ల పిల్లనేనని ఈ పనిలో దిగకముందు నాకు తెలియదు.

ఇక పని సంగతి. నాన్న టేప్ రికార్డర్ అటక మీద దొరికింది. కరెంటు పెడితే లైటు వెలిగింది, మోటారు శబ్దం వచ్చింది, చక్రాలు మాత్రం తిరగలేదు. వెనక మూత తీస్తే లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి కప్పీకి అంటుకుపోయి ఉంది. పాత యంత్రాల్లో ఇది మామూలేనట. ఆ జిగురంతా గోకి తీయడానికే రెండు సాయంత్రాలు. కొత్త బెల్టు వేశాక నాన్న గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. వేగం ఎక్కువైంది. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. మోటారు వెనక ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ గొంతు సరిచేయాలి. ఎంత వేగం దగ్గర నాన్న నాన్నలా ఉంటారో తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. ఒక రాత్రి అక్కకి ఫోన్ చేసి వినిపించాను. "ఇంకాస్త తగ్గించు. ఇంకాస్త. ఆఁ, అదే," అంది. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

హెడ్ శుభ్రం చేయడం ఇంకో పని. క్యాసెట్ ప్లేయర్‌లో టేపు రాసుకుంటూ పోయే చిన్న లోహపు ముక్కని హెడ్ అంటారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. ప్రతి నాలుగైదు క్యాసెట్లకి తుడిస్తే దూది ముదురు గోధుమరంగులోకి మారుతుంది. ఆ రంగేమిటా అని చూస్తే, అది టేపు మీది పూతే. మామూలు క్యాసెట్ టేపంటే ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి అంటించినది. అంటే తుప్పుకి దగ్గరి చుట్టం. ఆడించిన ప్రతిసారీ అందులోంచి రవ్వంత రాలుతూ ఉంటుంది. దూదిపుల్ల చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. చిమ్మెటయు తుప్పును తినివేసే చోట ధనం కూర్చుకోవద్దన్న మత్తయి 6వ అధ్యాయం మాట చిన్నప్పుడు కంఠతా పెట్టాను. ధనమంటే డబ్బనుకున్నాను. నేను కూర్చుకున్నది తుప్పు తినబోయేది కూడా కాదు, తుప్పులోనే రాసి ఉన్నది.

ఇంకో చిత్రం. కొన్ని క్యాసెట్లలో మాట మొదలవకముందే అదే మాట లీలగా, చాలా దూరం నుంచి వచ్చినట్టు వినబడేది. మొదటిసారి ఒళ్లు జలదరించింది. తర్వాత తెలిసింది: ఏళ్ల తరబడి చుట్టి ఉంచిన టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొర మీదికి కొంచెం దిగుతుందట. నాన్న "ప్రార్థించుదాం" అనడానికి ముందే ఆ మాట నీడ వచ్చేసేది. తొమ్మిది నెలలు ఆ నీడలు వింటూ గడిపాను. వాటికి అర్థం వెతకలేదు, బాగున్నాయంతే.

నిజమైన దెబ్బ మాత్రం గొంతులు స్పష్టమయ్యాక తగిలింది. నాకు గుర్తున్నవీ టేపులో ఉన్నవీ కలవడం లేదు.

1986లో ఒక రాత్రి నాకు బాగా గుర్తు. వాన. కరెంటు లేదు. టేప్ రికార్డర్ బ్యాటరీల మీద నడుస్తోంది. అక్క పాడింది, నాన్న నవ్వారు, అమ్మ ఒడిలో నేను. నా బెంగకి రాజధాని ఆ రాత్రి. ఆ క్యాసెట్ దొరికింది, లేబుల్ మీద "ప్రసంగి 3" అని ఉంది, అంటే బైబిల్లో ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం. వాన చప్పుడు నిజమే, టేపులో ఉంది. మిగతాది వేరు. నాన్న నవ్వలేదు. చదువుతుంటే నేను గునుస్తున్నాను, అక్క గిల్లింది, నేను ఏడ్చాను, అమ్మ విసుగ్గా "ష్" అంది. తర్వాత నాన్న ప్రార్థన. గొంతు వణుకుతోంది. "ఈ నెల ఎలా గడుస్తుందో నాకు తెలియదు ప్రభువా. పిల్లల ముందు నా ముఖం నిబ్బరంగా ఉండేలా చూడు." నాన్న ఉద్యోగం ఊగిసలాడిన రోజులవి. పెద్దయ్యాక ఆ సంగతి తెలిసింది గానీ, ఆ రాత్రికీ దానికీ ముడి ఎప్పుడూ వేయలేదు. నేను తిరిగి వెళ్లాలని ఇన్నేళ్లు ఆరాటపడిన ఆ గదిలో మా నాన్న భయంతో కూర్చుని ఉన్నారు.

ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఏడ్చిన మాట సంఖ్యాకాండము 11లో ఉంది. అక్కడ తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు వరసగా గుర్తు తెచ్చుకున్నారు. ఇటుకల పని, కొరడా, నదిలో వేసిన మగపిల్లలు ఆ జాబితాలో లేవు. వాళ్లని చిన్నప్పటి నుంచీ తిట్టుకుంటూ పెరిగాను. నేనూ అదే చేస్తున్నాను కదా. "ఈ దినములకంటె మునుపటి దినములు ఏల క్షేమకరములు అని యడుగవద్దు" అని ప్రసంగి 7లో ఉన్న మాట మందలింపులా అనిపించేది. ఇప్పుడు చూస్తే, ఆ ప్రశ్నలోనే తప్పు ఉందని అతను చెబుతున్నట్టుంది. మునుపటి దినాలు క్షేమకరమని నీకెవరు చెప్పారు?

ఇంకా నవ్వొచ్చేది వినండి. 1989 క్యాసెట్ ఒకదానిలో నాన్న ప్రార్థనకి ముందు నిట్టూర్చి అంటారు: "మా నాన్న రోజుల్లో ఉన్న భక్తి ఇప్పుడెక్కడిది?" నేను ఏ రోజుల కోసం కుమిలిపోతున్నానో ఆ రోజుల్లో కూర్చుని ఆయన అంతకు ముందు రోజుల కోసం కుమిలిపోతున్నారు! తాతయ్య గొంతు ఏ టేపులోనూ లేదు గానీ, ఉంటే ఆయన ఏమని ఉండేవారో ఊహించగలను.

అప్పుడే ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం తీశాను. బబులోనువాళ్లు క్రీ.పూ. 586లో యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు కొత్తదానికి పునాది వేశారు. కుర్రవాళ్లు సంతోషంతో కేకలు వేశారు. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది ఏడుపో ఏది సంతోషమో జనానికి తేడా తెలియలేదని అక్కడ రాసి ఉంది. ఆ ముసలివాళ్లని ఎవరూ తప్పుపట్టలేదు, అది నాకు నచ్చింది. పునాది పడ్డాక పని ఆగిపోయింది. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త వచ్చి వాళ్లనే సూటిగా అడిగాడు: పూర్వకాలపు మహిమతో ఈ మందిరాన్ని చూసినవాళ్లు మీలో ఎవరున్నారు, ఇది మీ కళ్లకి ఏమీ లేనిదానిలా కనబడుతోంది కదా? అవును, కనబడుతోంది. అయితే ధైర్యం తెచ్చుకుని పని జరిగించండి, నేను మీకు తోడుగా ఉన్నాను అని దేవుని మాట. పాతది గొప్పది కాదని ఆయన వాదించలేదు. తాను పాతదానిలోనే ఉండిపోలేదని మాత్రం చెప్పాడు.

ఇదంతా అర్థమైందనుకున్న వారంలోనే ఆ పొరపాటు చేశాను.

పాత టేపులతో పనిచేసేవాళ్లు ఒక నియమం చెబుతారు: మొదటిసారి ఆడించేటప్పుడే ఎక్కించెయ్యి, రెండోసారి అది ఆడుతుందో లేదో. ప్రసంగి క్యాసెట్ విషయంలో నేను ఆ నియమం తప్పాను. ముందు ఊరికే విని, తర్వాత తీరిగ్గా ఎక్కిద్దామనుకున్నాను. విన్నాను. ఏడ్చాను. నాన్న ప్రార్థన చివరి మాటలు ఇంకోసారి విందామని కొంచెం వెనక్కి తిప్పి, కళ్లలో నీళ్లతో, చీకట్లో మీట నొక్కాను. ఆ రికార్డర్‌లో రికార్డు మీట నొక్కితే ప్లే మీట కూడా దానితోపాటే దిగిపోతుంది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. నాన్న విరవలేదు. టేపు వృథా చేయడం ఆయనకి ఇష్టముండదు, ఎప్పుడైనా మళ్లీ వాడుకోవచ్చని ఉంచారు.

గొంతు రాలేదేమా అని చూసేసరికి ఎర్ర దీపం. ఆపేశాను. 11 సెకన్లు.

ఇప్పుడు ఆ చోట ఏముందంటే: టక్‌మని చప్పుడు, మా ఫ్యాను గాలి, పక్క గదిలోంచి మా అమ్మాయి "అమ్మా, లైటు ఆపేయనా?", తర్వాత నా గొంతు, "అయ్యో, అయ్యో". మళ్లీ టక్. ఆ వెంటనే 1986లో అక్క పాట అందుకుంటుంది. అంతకు ముందే విన్నాను కదా, ఆ మాటలేమిటో గుర్తు చేసుకుందామని ఎంత ప్రయత్నించినా "పిల్లలు" అన్న ఒక్క మాట తప్ప ఏదీ రాలేదు. గంట క్రితం విన్నవి. నా జ్ఞాపకం మీద నాకున్న నమ్మకం ఆ రాత్రితో పోయింది. తెల్లారేలోపు 43 క్యాసెట్లకీ రెక్కలు విరిచాను. 86 రెక్కలు, ఒక డబ్బాడు. ఏం లాభం?

మర్నాడు అక్కకి ఫోన్‌లో చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని అంది: "ఆ మాటలు నీతో చెప్పినవి కాదు కదే. వినాల్సినవాడు అప్పుడే విన్నాడు."

అక్క నాలా పుస్తకాలు తిరగేసే మనిషి కాదు. ఇంకో విషయంలోకి వెళ్లిపోయింది. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఆ ప్రార్థనలన్నీ నా ఆస్తి అనుకున్నాను. నేను దాచకపోతే పోతాయి, నేను గుర్తుపెట్టుకోకపోతే జరగనట్టే. నాన్న అవి ఎవరితో అన్నారో ఆయన వాటి సంగతి మర్చిపోయాడన్నట్టు! ఒకవిధంగా చూస్తే దేవుడు చేయాల్సిన పనిని నెత్తిన వేసుకుని, మోయలేక కుంగిపోతున్నాను.

ఆ క్యాసెట్‌లోనే నాన్న ప్రసంగి 3 మొత్తం చదివారు. ప్రతిదానికి సమయము కలదు అనే మొదటి వచనాలు అందరికీ తెలుసు, పెళ్లిళ్లలో, సమాధుల దగ్గర వింటూనే ఉంటాం. 15వ వచనం దగ్గరికి వచ్చేసరికి నేను గునుస్తూ ఉన్నాను కాబట్టి చిన్నప్పుడు అది నా చెవిన పడలేదు. ఇప్పుడు పడింది: "జరిగిపోయినదానిని దేవుడు మరల రప్పించును." హెబ్రీలో ఆ మాట ఇంకా చిత్రంగా ఉంటుందట, తరిమివేయబడినదాన్ని దేవుడు వెదకును అన్నట్టు. కాలం మన చేతుల్లోంచి తరిమేసినదాని వెనక ఆయన వెతుక్కుంటూ వెళ్తాడు. దాని లోతు ఎంతో పండితులు చెప్పాలి. నాకు ఆ రాత్రికి అది చాలింది.

తర్వాత కొన్ని వారాలు బైబిల్లో జ్ఞాపకం అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికాను. మనుషులు జ్ఞాపకం చేసుకోవాలని చెప్పే చోట్లు చాలానే ఉన్నాయి, యొర్దాను నదిలోంచి తీసి నిలబెట్టిన 12 రాళ్ల దగ్గర నుంచి ప్రభువు బల్ల దాకా. కానీ కథ మలుపు తిరిగేది ఎక్కువగా దేవుడు జ్ఞాపకం చేసుకున్న చోట. దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాకే నీళ్లు తగ్గడం మొదలైంది. 56వ కీర్తనలో దావీదు తన కన్నీళ్లు దేవుని బుడ్డిలో ఉన్నాయంటాడు, "అవి నీ కవిలెలో కనబడును గదా" అంటాడు. కవిలె అంటే పాతకాలపు లెక్కల పుస్తకం. ఆ మాట ఎన్నిసార్లు చదివినా తనివి తీరలేదు. నీలి సిరాతో లేబుళ్లు రాసే మా నాన్నలాంటి ఓపికగల లెక్కగాడు పైన ఉన్నాడనిపించింది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది సిలువ మీద పక్కనున్న దొంగ. "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అని అడిగాడు. అంతే అడిగాడు. చచ్చిపోతున్నవాడు అంతకంటే ఏం అడుగుతాడు, ఎవరి మనసులోనైనా కాస్త చోటు. యేసు జవాబు చూడండి. గుర్తుంచుకుంటాను అనలేదు. నేడు నీవు నాతో కూడ ఉంటావు అన్నాడు. జ్ఞాపకం అడిగితే సహవాసం ఇచ్చాడు. నేను నాన్న గొంతుని దాచుకోవాలని తాపత్రయపడుతున్నాను. నాన్న నమ్మినది నిజమైతే, ఆయన ఎవరి జ్ఞాపకంలోనో మిగలలేదు, ఒకరితో ఉన్నారు. ఆ "అయితే" దగ్గర నేను చాలా రోజులు నిలబడ్డాను. చిన్నప్పటి నమ్మకాన్ని తడుముకుంటూ కూర్చోవడం వేరు, యాభై దాటాక ఈ మాట మీద బరువంతా వేయడం వేరు. ఒక పొద్దున, ఎవరూ లేనప్పుడు, వేశాను. పెద్దగా ఏమీ జరగలేదు. వెలుగూ రాలేదు, కన్నీళ్లూ రాలేదు. చాలా ఏళ్ల తర్వాత ప్రార్థనలో పదకొండేళ్ల పిల్ల అడ్డం రాలేదు, అంతే.

బెంగ పోయిందా? పోలేదు. వాన పడితే ఇప్పటికీ వస్తుంది. కాకపోతే ఇదివరకు దాని వెంట నేను వెళ్లేదాన్ని. ఇప్పుడు వస్తే కూర్చోబెడతాను, కాసేపుండి వెళ్తుంది. రాత్రి పదకొండింటికి ఫోటోల పెట్టె తీయడం మానేశాను. మా అమ్మాయి ఏదో చెబుతుంటే మధ్యలో "మా చిన్నప్పుడు" అనకుండా ఉండటానికి ఇంకా కష్టపడుతున్నాను. మొన్న రెండుసార్లు అన్నాను, అది వేళ్లతో లెక్కపెట్టి చూపించింది.

ఇక మిగిలింది అమ్మ. నిజం చెప్పాలంటే మొదటి ప్రయత్నాలన్నీ విఫలమే. నాన్న గొంతు వినిపిస్తే రేడియో అనుకుని కట్టేయమంది. పాటలకి బాగా స్పందిస్తారని చాలామంది చెప్పారు, ఈ జబ్బులో పాటల జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుందని నేనూ చదివాను. అక్క పాట పెడితే అమ్మ చీర అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. యెషయా 49లో ఒక వచనం ఉంది. స్త్రీ తన చంటిపిల్లని మరచునా అని అడిగి, "వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను" అంటాడు దేవుడు. తల్లులు మరవరు అని ఆయన అనలేదు. అమ్మ నన్ను వేరే పేరుతో పిలిచిన ప్రతిసారీ ఆ వచనంలో మొదటి సగం ఎంత నిజాయితీగా రాశారో అనిపిస్తుంది.

ప్రసంగి క్యాసెట్ చివర్లో ఎక్కించాను. ఆ 11 సెకన్లు సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించేసి అతుకు కనబడకుండా చేయొచ్చు. చేయలేదు. "నీ అయ్యో కూడా ప్రార్థనే, ఉండనీ," అంది అక్క.

పోయిన వారం సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని అది పెట్టాను. వాన చప్పుడు, నాన్న చదవడం, నా ఏడుపు. అమ్మ కిటికీ వైపు చూస్తోంది. "ప్రార్థించుదాం" అనగానే మాత్రం ఎవరో చెప్పినట్టు కళ్లు మూసుకుంది. నాన్న గొంతు వణికిన చోట తల కొంచెం ఊపింది. తర్వాత టక్, ఫ్యాను గాలి, మా అమ్మాయి పిలుపు, నా "అయ్యో". అమ్మ కళ్లు తెరవలేదు. కాసేపు ఆగి, ఇక చాలన్నట్టు, "ఆమేన్" అంది.

అప్పుడు నా వైపు తిరిగి, "బాగా చేశాడు ప్రార్థన. ఎవరబ్బాయి?" అని అడిగింది.

"మీ ఆయనే అమ్మా."

నేనేదో ఆట పట్టిస్తున్నానన్నట్టు నవ్వింది. చీర అంచు సర్దుకుంది.

"రేపు కూడా రమ్మను," అంది.